సంచి పుస్తకం, మెరుపు పుస్తకం, మా బాబాయి

బాబాయి పోయాడన్న కబురు ఫోన్‌లో వచ్చింది. చెప్పింది ఆయన మేనల్లుడు. ఏడాదికి పైగా ఆ గొంతు నేను వినలేదు. "మామ పోయాడు. పొద్దున చేపల కోసమని బయల్దేరి బస్‌స్టాపులో కూలిపోయాడు," అన్నాడు. వాడు గొంతు సవరించుకుని, "మీ పద్ధతిలో ఇవన్నీ ఎలా చేస్తారో నీకు తెలుసా? నువ్వు ఇండియా కదా," అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. వాడి మీద, వాళ్లమ్మ మీద, అందరికన్నా ఎక్కువగా పోయినాయన మీద. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మంచే చెబుతాను, ఆయనలో చెప్పడానికి బోలెడంత ఉంది. కాకపోతే కోపంగా చెబుతాను. శాంతంగా చెప్పమంటే ఇంకెవరినైనా అడగండి.

బాబాయి నాకు చుట్టం కాడు. దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్లూ ఓటేసిన మొదటి ఎన్నికలైన మరుసటి ఏడు నేను రాజమండ్రి నుంచి డర్బన్ వచ్చాను, ఆసుపత్రిలో ఫార్మసిస్టు ఉద్యోగానికి. రెడ్‌హిల్‌లో ఆయన ఇంటి వెనక గది అద్దెకు తీసుకున్నాను. షాకాస్‌క్రాల్ దగ్గర చక్కెర మిల్లులో చెరకు లారీలు తూచే కాటా దగ్గర క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. నా సూట్‌కేసు గుమ్మంలో దింపగానే ఒంటి చేత్తో లేపి, బరువు ఎంతో చెప్పేసి, "పచ్చళ్లేనా?" అన్నాడు. పచ్చళ్లే. చేతికి ఏది దొరికినా ఎత్తి బరువు చెప్పడం ఆయన అలవాటు. గుమ్మడికాయైనా సరే, పక్కింటివాళ్ల పసిబిడ్డైనా సరే.

"తెలుగు గుంటవా?" అన్నాడు.

"అవునండీ."

"అండీ గిండీ ఒద్దు. తిన్నావేటి?"

చెరకుతోటల కూలికి వచ్చిన ముత్తాతలు ఓడలో తెచ్చుకున్న తెలుగు అది, గుంటంటే ఆడపిల్ల. ఈ ఊళ్లో చాలా ఇళ్లల్లో తిట్లకీ, వంటకీ, దణ్ణాలకీ మాత్రమే మిగిలింది. బాబాయి నోట్లో ఇంగ్లీషూ జులూ కలిపి ఇంకా నడుస్తూ ఉండేది. ఆ ఒక్క ప్రశ్నకే నేను బాబాయి అని పిలవడం మొదలుపెట్టాను.

మొదటి శనివారం గరాజులోంచి అరుపులు వినపడ్డాయి. ఎవరో ఎవరినో చంపుతున్నారనుకుని పరిగెత్తాను. నిజంగానే చంపుతున్నారు, కాకపోతే బల్ల మీద. నలుపలకల పాచికలు, ఎనిమిది పలకల పాచికలు, ఇరవై పలకలవి, పాత ఊరగాయ సీసా నిండా ఉన్నాయి. ఆట ఇదీ: ఒకాయన కథ నడుపుతాడు, ఆయన బాబాయి. మిగతావాళ్లు తలా ఒక మనిషిని కల్పించుకుంటారు. ఒకడు కత్తివీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకతె తాళాలు విప్పే దొంగ. "మీ ముందు గుహ ఉంది, లోపల ఏదో మూలుగుతోంది, ఏం చేస్తారు?" అని ఆయన అడుగుతాడు. మనం చెబుతాం. అది కుదిరిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. గెలుపూ ఓటమీ అంటూ ఉండవు. అదే మనిషి ఏళ్ల తరబడి మనతో ఉంటాడు, బతికినన్నాళ్లూ. పిల్లలాట అనుకునేరు. పెళ్లాం మాట వినని మగాళ్లు ఆ బల్ల దగ్గర బాబాయి మాట వినేవారు.

ఆటకు ముందు భోజనం తప్పనిసరి. "కడుపు కాల్తే పాచిక పడదు," అనేవాడు. ఎవరైనా తినేసి వచ్చామంటే, వాళ్లు మళ్లీ తినేదాకా పాచికల సీసా మూత తీసేవాడు కాదు.

ఆ బల్ల దగ్గర పాతకాపు డ్రైవరన్న. జులూ మనిషి, మిల్లుకి చెరకు లారీ నడిపేవాడు. కాటా దగ్గర పరిచయం. పక్కపక్కన కూర్చుని సినిమా చూడ్డానికి కూడా వీల్లేని రోజుల్లోనే వాళ్లిద్దరూ ఆ గరాజులో తలుపు వేసుకుని ఈ ఆట ఆడుకున్నారట. డ్రైవరన్న ఆటలో మంత్రగాడు, అందునా మరుగుజ్జు. ఆరడుగుల మనిషి ముడుచుకుని కూర్చుని మరుగుజ్జు గొంతుతో మంత్రం చదువుతుంటే నవ్వాపుకోవడం నా వల్ల అయ్యేది కాదు.

మేనల్లుడు లా ఆఫీసులో చేరిన కుర్ర ప్లీడరు. బాబాయి చేతిలోనే ఆట నేర్చుకున్నాడు. వాళ్లమ్మ, అంటే బాబాయి అక్క, రెండు వీధులవతల ఉండేది. నేను అత్తయ్య అనేదాన్ని, బాబాయి 'అప్పా' అనేవాడు. ఆవిడ పెళ్లీడులోనే పెంతెకొస్తు చర్చిలో చేరింది. కొడుకూ ఆ చర్చే. ఈ ఆట సైతానుదని ఆ చర్చిలో ఒకరిద్దరు గొణిగితే, అత్తయ్య, "మా తమ్ముడి గరాజు నిండా డబ్బాలే. సైతాను దూరడానికి సోటేదీ?" అని నోరు మూయించిందట. తమ్ముడంటే అంత ప్రాణం ఆవిడకి. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత నా కోపం మీకు అర్థమవుతుంది.

ఇక పుస్తకం సంగతి. బయటి దేశాలు ఆంక్షలు పెట్టిన రోజుల్లో ఈ దేశానికి ఇలాంటివేవీ సరిగ్గా వచ్చేవి కావు. ఎవరో ఓడ వంటవాడు తెచ్చిన పుస్తకాన్ని బాబాయి ఆదివారాలు మిల్లు ఆఫీసులో జిరాక్సు తీసి, చక్కెర సంచి గుడ్డతో అట్ట కుట్టాడు. అందుకే దాని పేరు సంచి పుస్తకం. ఆట మొదటి ముద్రణ నియమాలన్నీ అందులో ఉండేవి. ఒక పేజీలో మాత్రం నల్ల సిరాతో అడ్డంగా కొట్టివేత. ఏ జాతివాడు ఏ పని చేయొచ్చో, ఏది చేయకూడదో ఆ పేజీలో రాసి ఉండేది. మరుగుజ్జుగా పుట్టినవాడు మంత్రం ముట్టకూడదు, అలాంటివి. బాబాయి మొదటి రోజునే కొట్టేసి పక్కన పెద్దక్షరాలతో 'ఐకోనా' అని రాశాడు. గనుల్లో, మిల్లుల్లో నడిచే కలగాపులగం భాషలో 'కుదరదు పో' అన్నమాట. బయట వీధి వీధికీ ఆ పేజీయే చట్టంగా నడుస్తున్న కాలమది. "అచ్చేసింది ఆళ్లు, దిద్దింది మనం," అనేవాడు ఆ పేజీ చూపించి. ఆ మాట అన్నప్పుడు ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

ఇంకొకటుంది ఆయన పద్ధతి. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఆటలో ఎవరి మనిషైనా చచ్చిపోతే, పై శనివారం వాడికి ఆకు వేసేవాడు. పెరట్లోంచి అరిటాకు కోసి, గరాజు గుమ్మంలో పరిచి, పోయినవాడికి ఇష్టమైనవి వండి వడ్డించేవాడు. మన ఇళ్లల్లో పెద్దలకు పెట్టినట్టే. కాకులు వచ్చి ముట్టాక మేం తినాలి. "డర్బన్ కాకులు కూడా మనలాగే ఓడెక్కొచ్చినయ్యే. ఆటికి మన కూరలు తెలుసు," అనేవాడు. తిన్నాక మా ఆకులు అవతలి వైపుకి మడవమనేవాడు. శుభకార్యంలో అయితే మనవైపుకి, చావు భోజనంలో అయితే అవతలికి. వేళాకోళం కాదు, వెయ్యి దేవుళ్ల మీద ఒట్టేసినట్టు చేసేవాడు. సంచి పుస్తకంలో ప్రాణం సున్నాకి వస్తే మనిషి పోయినట్టే, తిరిగి రావడమన్నది లేదు. "సచ్చినోడు సచ్చినట్టే. మరి అన్నమెట్టొద్దా?" అనేవాడు.

నా మనిషి పూటకూళ్లమ్మ. పగలు అన్నం పెడుతుంది, చీకటి పడ్డాక తాళాలు విప్పుతుంది. వచ్చిన కొత్తలోనే పాడుబడ్డ నూతిలో పడి చచ్చింది. "ఆవిడ ఏటి తినీదమ్మా?" అని బాబాయి అడిగాడు. నేను ఆలోచించకుండా పనసపొట్టు కూర అన్నాను. వారమంతా బజార్లు తిరిగి ఎక్కడో పచ్చి పనసకాయ సంపాదించాడు. పొట్టు కొట్టడం తెలీక చెక్కలు చెక్కలుగా కోసి, ఆవ వేసి వండాడు. "ఇది పనసపొట్టు కాదు, పనస దుంగలు," అని తిట్టాను. తిడుతూ తింటూ ఉండగా ఏడుపొచ్చేసింది. ఈ దేశం వచ్చాక అదే నా మొదటి ఏడుపు. మా ఊరు వదిలి వచ్చినందుకు, మా అమ్మ వంట కోసం, అన్నిటికీ కలిపి ఆ దొంగముండ పేరు మీద ఏడ్చేశాను. డ్రైవరన్న మంచినీళ్లిచ్చాడు. బాబాయి ఇంకో గరిటె కూర వేశాడు.

అలాంటి మనిషిని, అలాంటి బల్లని, ఒక పుస్తకం విరగ్గొట్టిందంటే నమ్ముతారా?

దేశం తలుపులు తెరుచుకున్నాక మాల్స్‌లో అన్నీ రావడం మొదలైంది. మేనల్లుడు ఒక శనివారం ఆట కొత్త ముద్రణ కొనుక్కొచ్చాడు. రంగు బొమ్మలు, నున్నటి కాగితం, అట్ట మీద దీపం పడితే కళ్లు జిగేల్మనేవి. దానికి మేం మెరుపు పుస్తకం అని పేరు పెట్టాం. అందులో లెక్కలు తేలిక. పాతదాంట్లో ఒక చోట పెద్ద అంకె పడితే మంచిది, ఇంకో చోట చిన్నది పడితే మంచిది, పిచ్చెక్కేది. కొత్తదాంట్లో ఎప్పుడూ పెద్దదే మంచిది. ప్రాణం సున్నాకి వచ్చినా బతికే అవకాశాలున్నాయి. ఎవరైనా ఏదైనా కావచ్చు. నిజం చెప్పాలంటే నాకు కొత్తదే నచ్చింది. రోజంతా మందుల మోతాదులు లెక్క కట్టి వచ్చేదాన్ని, శనివారం కూడా తిప్పుడు లెక్కలెందుకు?

కానీ నచ్చడం వేరు, పక్షం కట్టడం వేరు. బల్లకి అటు సగం, ఇటు సగం అయ్యాం. వారానికి ఇద్దరు చొప్పున వచ్చే మిగతా కుర్రాళ్లు మెరుపు వైపు తిరిగారు. డ్రైవరన్న సంచి వైపు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు ప్రతివాడూ తన పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. దేశంలో మనుషులు ఒకరినొకరు చంపుకోవడం మానేసి ఓట్లకి వరసలో నిలబడ్డారు. మావాళ్లు పాచికలో ఏ అంకె గొప్పదో తేల్చుకోలేక మాటలు మానుకునే దాకా వచ్చారు.

చిలికి చిలికి గాలివాన అయిన శనివారం నాకు బాగా గుర్తు. మేనల్లుడు లేచి నిలబడ్డాడు. వాడు మాట్లాడేది ఇంగ్లీషే, నేను తెలుగులో రాస్తున్నాను.

"మామా, నీ పుస్తకంలో పుట్టుకని బట్టి పని. ఎవడు ఏం కావచ్చో పుట్టగానే రాసేసింది. అలాంటి చట్టాల్నే కదా ఓట్లేసి పాతిపెట్టాం? నువ్వింకా దాన్ని పట్టుకుని వేలాడుతున్నావు. నీ సంచి పుస్తకానికీ ఆ పాత సర్కారుకీ తేడా ఏమిటి?"

బాబాయి మొహం నేను చూడలేకపోయాను. సంచి పుస్తకం తెరిచి ఆ కొట్టివేసిన పేజీ చూపిస్తాడేమో అనుకున్నాను. చూపించలేదు. మేనల్లుడికి ఆ పేజీ తెలియనిదా? వాడు దాని మీద చెయ్యి పెట్టుకునే పెరిగాడు. గెలవాలన్న కచ్చలో అన్నాడు, కోర్టులో అన్నట్టు. అందుకే నాకు వాడి మీద ఇప్పటికీ మంట.

జవాబు డ్రైవరన్న చెప్పాడు, నెమ్మదిగా. "నేను ఇన్నేళ్లుగా ఈ గరాజులో మంత్రగాణ్ణి. బయట ఊళ్లో తిరగడానికి నల్లవాడి జేబులో సర్కారు పాసు లేకపోతే జైలు. ఇక్కడ నాకు ఎవరూ పాసు అడగలేదు. ఇప్పుడొచ్చి నీ మెరుపు పుస్తకం నాకు పర్మిషన్ ఇస్తుందా?"

మేనల్లుడు క్షమించమని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. తన కత్తివీరుడి కాగితం తీసుకుని, "వీణ్ణి కొత్త పుస్తకంలోకి మార్చేస్తున్నాను. మీరు ఆడుకోండి," అని వెళ్లిపోయాడు. వాడి వెనకే కుర్రాళ్లూ వెళ్లారు.

ఇక్కడి దాకా తప్పు ఎవరిదని అడిగితే మేనల్లుడిదంటాను. తర్వాత బాబాయి చేసిన పనికి మాత్రం ఆయన్ని ఈ రోజుకీ క్షమించలేదు.

పై శనివారం నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి గరాజు గుమ్మంలో ఆకు వేసి ఉంది. మడుంబీ పులుసు, ఉప్పుచేప వేపుడు, అన్నం. చామదుంపల్ని ఇక్కడ మడుంబీలంటారు. మేనల్లుడికి ఆ రెండూ ప్రాణం, కాబట్టి వాడి కత్తివీరుడికీ ప్రాణమే. బాబాయి ఆకు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరికి బాబాయ్?" అన్నాను, తెలిసే.

"పుస్తకం మారిపోయినోడు మనకి లేనట్టే. సచ్చినోడికెడతాం కదా. ఆడికే."

"వాడు చావలేదు. ఇంకో బల్ల మీద ఆడుతున్నాడు."

"మన బల్ల మీద సచ్చేడు," అన్నాడు.

సరిగ్గా అప్పుడే అత్తయ్య గేటు తీసుకుని వచ్చింది. మామాఅల్లుళ్లకి సర్దిచెబుదామని చేతిలో ఏదో వండుకుని బయల్దేరింది పాపం. ఆకుని చూసింది. ఆకులో ఉన్నవి చూసింది. గిన్నె గోడ మీద పెట్టింది.

"నా కొడుక్కా?" అంది.

"ఆడికి కాదప్పా. ఆడి బొమ్మకి. గేమ్‌లోది. ఆటే," అన్నాడు బాబాయి.

"ఆటేటి? ఆటకైనా ఆకు కోసింది నీ సెయ్యే కదరా." ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "అప్పుడూ ఈ సెయ్యే కోసింది. అప్పుడూ మడుంబీ, ఉప్పుసేపే."

వెళ్లిపోయింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత బాబాయిని నిలదీస్తే చెప్పాడు, చూపు నేల మీద నుంచి ఎత్తకుండా. అత్తయ్య చర్చిలో చేరినప్పుడు వాళ్ల నాన్న నా కూతురు చచ్చిపోయిందన్నాడట. అనడంతో ఆగక, షాకాస్‌క్రాల్‌లో మిల్లు వాళ్లిచ్చిన ఇంటి ముందు, బతికున్న కూతురికి ఆకు వేయించాడట, ఆమెకి ఇష్టమైనవన్నీ వండించి మరీ. ఆకు కోసుకు రమ్మంటే కోసింది పెళ్లి కాని ఈ తమ్ముడు. ఆవిడ రోడ్డు మీద నిలబడి చూసిందట. కోతకి ముందు చెరకుతోటలు కాల్చే కాలం, నల్లటి మసి ఆకు మీద, అన్నం మీద పడుతోందట. ఆ తండ్రి పోయాక అక్కాతమ్ముళ్లు కలిశారు. ఆ ఆకు ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. మేనల్లుడికైతే అసలు తెలియనే తెలియదు.

"తెలిసీ ఎలా వేశావు బాబాయ్?" అని అరిచాను. "బుద్ధుందా నీకు?"

"గుర్తు రాలేదమ్మా," అన్నాడు. "కోపంలో ఉన్నాను. ఒండినాను. ఒడ్డించినాను. అప్ప గేటు తీసీదాకా గుర్తు రాలేదు."

నమ్మాను. మనిషి అంతే, తన చెయ్యి ఏం చేసిందో తనకి గుర్తుండదు, అవతలివాళ్లకి ఉంటుంది. పుట్టుకని బట్టి మనిషిని కట్టెయ్యకూడదని ఒక పేజీ కొట్టేసిన మనిషి, పుస్తకం మారితే మనిషి చచ్చినట్టే అన్న తండ్రి పేజీని మాత్రం అలాగే అట్టిపెట్టుకున్నాడు. దాని మీద కూడా ఐకోనా అని రాసుకోవచ్చు కదా! ఆ మాట ఆయనతో అన్నాను కూడా.

"అయితే వెళ్లి చెప్పు. గుర్తు రాలేదని చెప్పు. రెండు వీధులే కదా!"

"ఏటని సెప్పాలి? సెప్పడానికి మొకముండాలి కదా."

ఇదీ ఆయన జవాబు. ఆ రోజూ ఇదే, ఆ తర్వాతా ఇదే. మొహం లేదట! లారీల బరువు చూపుతో చెప్పేవాడు, రెండు వీధులు నడిచి ఒక మాట చెప్పలేకపోయాడు. అత్తయ్యా తక్కువది కాదు. మార్కెట్లో నేను కనిపిస్తే కూరగాయల ధరల దగ్గర నుంచి వానల దాకా అన్నీ మాట్లాడేది, తమ్ముడి మాట ఎత్తితే సంచీ సర్దుకుని బయల్దేరేది. మేనల్లుడు వేరే చోట మెరుపు పుస్తకంతో బల్ల పెట్టాడు. ఇక్కడ బాబాయి, డ్రైవరన్న, నేను. ముగ్గురు మనుషులతో గుహలు దాటడం కష్టం, మేం వంట చేసుకుని, తిని, కాసేపు కూర్చుని లేచేవాళ్లం. నాకు పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆసుపత్రికి మారే వీలు దొరికింది. నార్త్‌డేల్‌లో ఇల్లు తీసుకున్నాను. వెళ్లేటప్పుడు బాబాయి నా సూట్‌కేసు ఎత్తి, "తేలికైపోయింది. పచ్చళ్లు అయిపోనాయి," అన్నాడు. అదే చివరిసారి.

దహనం క్లుప్తంగా జరిగిపోయింది. అత్తయ్య వచ్చింది, చివరి వరసలో కూర్చుంది, మొహం రాయిలా ఉంది. ఎవరెవరో బాబాయి గురించి మాట్లాడారు. ఒకాయన, "చివరి దాకా చిన్నపిల్లాడిలా ఆటలాడుకున్నాడు, అమాయకుడు," అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది నాకు. అమాయకుడట! అమాయకుడైతే నాకింత కోపమెందుకు?

ఇక్కడి తెలుగువాళ్లు దినం చేసే పదహారో రోజు తంతు గరాజులోనే చేద్దామన్నాను. పంతులు పొద్దున వచ్చి తన పని చేసి వెళ్లాడు. ఆకు వెయ్యడం మాత్రం మా పని. డ్రైవరన్న పెరట్లోంచి ఆకు కోసుకొచ్చాడు. మేనల్లుడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చచ్చినవాళ్లకి పెట్టడం వాడి విశ్వాసం ఒప్పుకోదు, అది నాకు తెలుసు, ఆ మాట నేనేమీ అనలేదు. నేను పొయ్యి ముందు నిలబడి, "ఏం వండను? బాబాయికి ఏమిష్టం?" అన్నాను.

డ్రైవరన్న మేనల్లుణ్ణి చూశాడు, మేనల్లుడు నన్ను చూశాడు.

ఎవరికీ తెలియదు! మా అందరి కల్పిత మనుషులకి, దొంగలకీ మంత్రగాళ్లకీ ఏమిష్టమో కనుక్కుని వండిపెట్టిన మనిషికి ఏమిష్టమో ఒక్కరం అడిగిన పాపాన పోలేదు. డ్రైవరన్న కోడికూరేమో అన్నాడు. మేనల్లుడు, కాదు చేపలు, చేపలకే కదా వెళుతూ పోయాడు అన్నాడు. డ్రైవరన్న, ఆ చేపలు ఎవరి కోసమో నీకేం తెలుసు, వదిలేసి పోయినవాడివి అన్నాడు. మేనల్లుడు, పాత పుస్తకంతో ఆయన్ని బంధించి ఉంచింది నువ్వే, కాస్త వదిలి ఉంటే మాతో కలిసేవాడు అన్నాడు. మళ్లీ సంచి, మళ్లీ మెరుపు, పదహారో రోజున, ఖాళీ ఆకు ముందు! నాకు పూనకం వచ్చినట్టయింది. చేతిలో గరిటె నేలకేసి కొట్టి, "నోళ్లు ముయ్యండి! ఆ రెండు పుస్తకాలూ పొయ్యిలో పెడతాను. దొందూ దొందే!" అని అరిచాను.

ఆ అరుపుకి గేటు చప్పుడు వినపడలేదు. చూసేసరికి అత్తయ్య గుమ్మంలో ఉంది, చేతిలో మూత పెట్టిన గిన్నెతో.

"ఆడికేటిష్టమో నన్నడగండి," అంది.

"ఏమిటత్తయ్యా?"

"ఆడికి నా కంచంలోది ఇష్టం." గిన్నె కింద పెట్టింది. "ఏటొండినా సరే. తన కంచంలోది ఒగ్గీసి నా కంచంలోదే తినీవోడు. అమ్మ కొట్టినా ఇనీవోడు కాడు. సగం తిని సగం ఆడికి ఒగ్గీదాన్ని."

మూత తీసింది. మడుంబీ పులుసు, ఉప్పుచేప. అన్నం ఇమ్మంది. నేను వడ్డించబోతే చేత్తో ఆపి, తనే వడ్డించింది. కొడుకు, "మమ్మీ, నువ్వు చచ్చినవాళ్లకి పెట్టకూడదు," అన్నాడు.

"ఎట్టట్లేదురా. తింటన్నాను." కొంగు దోపుకుని ఆ ఆకు ముందు నేల మీద కూర్చుంది. కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంది. కళ్లు తెరిచి ఆకుని చూస్తూ, "అప్పుడు ఏసినారు గదా నాకు. నిలబడి సూసినాను గానీ తినలేదు. తిందువుగాని రమ్మని ఒక్కడూ పిలవలేదు," అంది.

తింది. పోయినవాడి ఆకు ఎంగిలి చెయ్యకూడదని చెప్పాల్సిన దాన్ని నేనే, ఇండియా కదా. చెప్పలేదు. ఆవిడ చర్చి ప్రకారం తప్పు, మా పద్ధతి ప్రకారం ఇంకా పెద్ద తప్పు. బాబాయి ఉంటే నల్ల సిరా అడిగి ఉండేవాడు.

మేనల్లుడు తల్లినే చూస్తున్నాడు. వాడికి ఆ పాత సంగతి అప్పుడే తెలుస్తోంది, కొంచెం కొంచెంగా. పక్కనున్న నీళ్ల చెంబు తీసి తల్లి ముందు పెట్టాడు. డ్రైవరన్న టోపీ తీసేసి చేతుల్లో నలుపుతున్నాడు. అత్తయ్య నిదానంగా, పులుసు కలుపుకుంటూ, ముల్లు తీసుకుంటూ తింది. మధ్యలో ఒకసారి, "ఉప్పు తక్కువైంది," అంది. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

సరిగ్గా సగం తిని ఆపింది. మిగిలిన అన్నాన్నీ, పులుసునీ, చేప ముక్కనీ వేళ్లతో ఆకు అవతలి పక్కకి జరిపింది.

"రాలేకపోనావా?" అంది, ఆ సగంతో. "రెండీదులు."

నాకు ఇప్పటికీ కోపమే. ఆయన నడవని ఆ రెండు వీధుల మీద, ఆవిడ దాటని ఆ రెండు వీధుల మీద. గేటు మీద ఒక కాకి వచ్చి వాలింది. అత్తయ్య లేవలేదు, చెయ్యి కడుక్కోలేదు. ఎంగిలి చెయ్యి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆకుని ఇటూ మడవలేదు, అటూ మడవలేదు. కాకి గేటు దిగి, రెండు గెంతులు గెంతి, ఆవిడ వదిలిన సగం దగ్గరికి వచ్చింది.